పిల్ల కారెక్కేదాకా

నిన్న బాపట్ల వెళ్లొచ్చాం, నేనూ మా ఆయనా. బాపట్ల బాబాయి పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. మేం చేరేసరికి సమాధుల తోటలో పాటలు పాడుతున్నారు. అందరి చేతుల్లోనూ పాటల పుస్తకం తెరిచి ఉంది. ఒక్కరు కూడా అందులోకి చూడట్లేదు, అందరికీ నోటికొచ్చిన పాటే. నాకు నవ్వొచ్చింది. చావు దగ్గర నవ్వేంటని మా ఆయన మోచేత్తో పొడిచాడు. ఏం చేయను? పెట్టెలో ఉన్న మనిషి లేచి కూర్చుని, "పుస్తకం చేతిలో ఉన్నప్పుడు పుస్తకం చూసి పాడాలమ్మా" అంటారేమో అనిపించింది. అనగల మనిషే.

ఆయన అసలు పేరు మా బ్యాండు కొట్లో ఎవరూ వాడలేదు. మా మామగారు మొదటి రోజే "ఏమయ్యా బాపట్లా" అని పిలిచారు. అదే ఖాయమైపోయింది. మిగతా అందరికీ బాపట్ల బాబాయి. ఇక్కడ కూడా అలాగే ఉండనిస్తాను.

మాది తెనాల్లో పెళ్లిబ్యాండు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మేం ముస్లింలమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా మామగారికి వచ్చిన ఉర్దూ ఎంతంటే, ఉర్దూ మాట్లాడేవాళ్లు కొట్టుకొస్తే ఆయనకి వెంటనే ఏదో పని గుర్తొచ్చి లోపలికి వచ్చేసేవారు. ఆయన క్లారినెట్ మాస్టరు. మా ఆయన పెద్ద డ్రమ్ము. నేను పొన్నూరు నుంచి కోడలిగా వచ్చి, యూనిఫారాల భుజాలకి జరీ పట్టీలు కుట్టడం, ఫోనెత్తి ముహూర్తాలు రాసుకోవడం, అన్నం వేళకి అందర్నీ కేకలేసి పిలవడం నేర్చుకున్నాను. కేకలు మాత్రం కొత్తగా నేర్చుకోలేదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నవే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం బాబాయి మా గడప ముందు నిలబడ్డారు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, మొహం చూసుకోగలిగినంత పాలిష్ చేసిన నల్ల బూట్లు, చేతిలో కార్నెట్. కార్నెట్ అంటే ట్రంపెట్ లాంటిదే, కాస్త పొట్టిది. చిన్నప్పటి నుంచి బాపట్లలో మిషన్ బ్యాండులో వాయించారట. చర్చిలోకి కీబోర్డు వచ్చాక బ్యాండు మూలపడింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక రైలెక్కి వచ్చారు.

"ఏదీ, ఒక పాట వాయించు," అన్నారు మామగారు.

"ఏ పాటండి?"

"నీకొచ్చిందేదో వాయించవయ్యా."

"కాయితం ఇవ్వండి మరి."

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. మా బ్యాండులో కాగితం అంటే మిరపకాయ బజ్జీలు కట్టి తెచ్చేదే, ఇంకో ఉపయోగం ఎవరికీ తెలీదు. అందరిదీ చెవే. ఒక పాట రెండుసార్లు వింటే మూడోసారి వాళ్లే వాయించేవాళ్లు. ఆయన మాత్రం నవ్వలేదు, నొచ్చుకోలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి, కార్నెట్‌కి బిగించిన చిన్న పట్టీలో పెట్టారు. పక్కనుంచి తొంగిచూశాను. అయిదు గీతలు, వాటి మీద చింతగింజలు చల్లినట్టు చుక్కలు. వాటిని చూస్తూ వాయించారు. పాట శుభ్రంగా ఉంది, కడిగిన గిన్నెలా ఉంది.

మామగారు కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ వాయించమన్నారు. మళ్లీ వాయించారు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారీ వాయించారు. వెంట్రుకవాసి తేడా లేదు.

"అదేంటి, మళ్లీ అదే వాయించావు?"

"అదే కదండీ రాసుంది."

రోజూ మూడు పూటలా ఒకే పప్పు తినే మనిషిని చూసినట్టు చూశారు మామగారు. ఆయన జీవితంలో ఏ పాటనీ రెండోసారి మొదటిసారిలా వాయించి ఎరగరు. అయినా మర్నాటి నుంచి రమ్మన్నారు. ఎందుకు రమ్మన్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ బూట్లు చూసేమో అనుకున్నాను.

బాబాయి రోజూ పొద్దున బాపట్ల నుంచి ప్యాసింజర్‌లో వచ్చి, వచ్చిన దారినే వెళ్లిపోయేవారు. కొత్త సినిమా పాట వస్తే మిగతావాళ్లు క్యాసెట్ పెట్టుకుని వింటూ వాయిద్యాలు తీసేవాళ్లు. ఆయన దువ్వెన తీసేవారు. ప్లాస్టిక్ దువ్వెనకి మధ్య మధ్య పళ్లు విరగ్గొట్టి అయిదు మాత్రం ఉంచుకున్నారు. దాన్ని సిరాలో ముంచి కాగితం మీద ఒక్క లాగు లాగితే అయిదు గీతలు పడేవి. తర్వాత టేపు తిప్పుతూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చుక్కలు పెట్టుకునేవారు. ఆ టేపు నొక్కుడికి నా తల పగిలిపోయేది. "బాబాయిగారూ, ఆ పాట మా పాలబ్బాయికి కూడా వచ్చేసింది, మీకింకా రాలేదా?" అనేదాన్ని. "వచ్చిందమ్మాయ్, రాయాలి కదా," అనేవారు.

ఆ 'రాయడం' ఆయనకి అన్నింట్లోనూ ఉండేది. కూరలో ఉప్పు తగ్గిందని ఎవరైనా అంటే, "ఎంతెయ్యాలో రాసుందా?" అని నన్నే వెనకేసుకొచ్చేవారు. ఫలానా ఊళ్లో పెళ్లి ఆరింటికట అని మా ఆయన చెబితే, "రాసుందా, ఎవరైనా అన్నారా?" అని అడిగేవారు. ఎవరో అన్న మాట ఆయనకి మాట కాదు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో బ్యాండు నేర్పిన టీచరు, కాగితం చూడకుండా వాయించినవాణ్ణి ఆ పూట వాయిద్యం ముట్టనిచ్చేవాడు కాదట. "రాయనిది వాయించడమంటే చూడనిదానికి సాక్ష్యం చెప్పడమేనమ్మా" అని ఒకసారి నాతో అన్నారు. చెప్పేటప్పుడు మొహం చాలా సీరియస్‌గా ఉంది. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నవ్వేసేదాన్ని.

నిజాంపట్నంలో ఒకళ్లు కొత్త బోటు నీళ్లలోకి దింపుతూ మా బ్యాండు పెట్టుకున్నారు. సముద్రపు గాలికి బాబాయి కాగితం పట్టీలోంచి లేచిపోయి, చేపలు ఎండబెట్టిన వలల మీదుగా దొర్లుకుంటూ నీళ్లలో పడింది. ఆయన పాట మధ్యలో ఆపేసి, కార్నెట్ చంకలో పెట్టుకుని నిలబడిపోయారు. అంతకుముందు రోజు పొన్నూరులో అదే పాట వాయించారు, ఆ ముందు వారమూ వాయించారు. "వాయించవేంటయ్యా?" అని మామగారు సైగ చేస్తే, నీళ్లకేసి చూపించారట. మా వాళ్లు ఇంటికొచ్చి ఆ నిలబడటం నటించి చూపిస్తూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఆ మర్నాటి నుంచి మామూలు కాగితం మానేశారు. మా కొట్లో శుభలేఖలకి కరువేముంది? బ్యాండు పెట్టుకున్న ప్రతివాళ్లూ ఒకటి ఇచ్చి వెళ్తారు. వాటి వెనకవైపు ఖాళీ అట్ట మీద రాయడం మొదలుపెట్టారు. పట్టీ వదులైతే బట్టలారేసుకునే క్లిప్పు ఒకటి మా దండెం మీదనుంచి తీసుకున్నారు, అడిగే తీసుకున్నారు. అప్పట్నుంచి మా ఊరేగింపుల్లో ఒక పెళ్లికి ఇంకో పెళ్లి శుభలేఖ చూసి వాయించే మనిషి ఉండేవాడు.

ఆయన వల్ల మేం రేపల్లెలో పడ్డ అవమానం కూడా చెప్పాలి. అప్పుడు ప్రతి టీకొట్లోనూ మోగుతున్న పాట ఒకటి ఉండేది. మా దగ్గరున్న క్యాసెట్ తెగిపోతే, షాపతను నలిగిన ముక్క కత్తిరించి పారేసి రెండు కొసలూ అతికించి ఇచ్చాడు. దాంతో పల్లవి మధ్యలో ఓ అరలైను మాయమైంది. మావాళ్లకి అది తెలియనే తెలియదు, ఎందుకంటే ఆ పాట అప్పటికే వాళ్ల చెవిలో ఉంది. గొయ్యి వస్తే కాలు దానంతటదే దాటినట్టు దాటేశారు. బాబాయి సినిమాలు చూడరు, టీకొట్లో నిలబడరు. టేపు ఎంత చెప్పిందో అంతే రాసుకున్నారు, గొయ్యితో సహా.

ఊరేగింపు రేపల్లె బజార్లోకి వచ్చింది. కుర్రాళ్లు చొక్కాలు విప్పి డాన్సు. పాట మొదలైంది. పల్లవి సగంలో బాబాయి అందరికంటే ముందు అవతలి ఒడ్డుకి చేరిపోయారు. కార్నెట్ గొంతు పెద్దది కదా, డాన్సు చేసేవాళ్లు సగం మంది ఆయన వెంట, సగం మంది మామగారి వెంట. ఒకడు ఇంకొకడి కాలు తొక్కాడు. పాట రెండోసారి పల్లవికొచ్చింది, పల్లవి ఒక్కసారే రాసుకున్నారు కాబట్టి బాబాయి మళ్లీ ముందే దూకారు. చివరికి పాట ఇంకా మిగిలుండగానే ఆయన పని ముగించి, కార్నెట్ దించి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, "మీరింకా అవలేదా?" అన్నట్టు వెనక్కి తిరిగి చూశారు.

ఇంటికొచ్చాక మామగారు ఎగిరారు. "పాటకి కాలు విరిగింది, కనపడలా నీకు?"

"టేపులో ఎంతుందో అంత రాశానండి. లేంది నేనెట్టా పుట్టించను?"

"చెవి అనేది ఒకటుంది కదయ్యా!"

"ఉంది కాబట్టే కదండీ రాసింది."

ఇద్దరిదీ నిజమే. అదే నాకు చికాకు. తప్పు ఎవరిదో తేలితే తిట్టొచ్చు. ఇద్దరూ ఒప్పైతే టీ పెట్టి ఇవ్వడం తప్ప ఏం చేస్తాం? మర్నాడు బాబాయి ఆలస్యంగా వచ్చారు. స్టేషన్ బయట టీకొట్టు దగ్గర ఆ పాట వచ్చేదాకా నిలబడి, పోయిన ముక్క రాసుకొచ్చారట. ఒక చిన్న చీటీ కోసి శుభలేఖ మీద అన్నం మెతుకుతో అతికించారు.

అలాగని ప్రతిసారీ ఆయనే నవ్వులపాలయ్యారనుకోకండి. బాపట్లలో ఒక చర్చి పెళ్లికి వెళ్లాం. నేనూ వెళ్లాను, ఆ అమ్మాయి నాకు తెలుసు. లోపల జనమంతా లేచి పాట పాడతారు, బ్యాండు వాళ్లకి తోడు వాయించాలి. మామగారు ఆ పాట పొద్దున్నే ఒక్కసారి విని "సరే వచ్చేసింది" అన్నారు. మొదలుపెట్టాక ఆయన క్లారినెట్ ఊరుకుంటుందా? ఒక మెలిక, ఇంకో మెలిక, వీధి చివరిదాకా వెళ్లి రావడం. అద్భుతంగా ఉంది గానీ, పాడాల్సిన జనం ఎక్కడ అందుకోవాలో తెలీక నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. పాస్టరుగారు రెండుసార్లు మొదలెట్టి రెండుసార్లు ఆగారు. అప్పుడు బాబాయి ఒక్క అడుగు ముందుకేసి, కాగితం చూస్తూ తిన్నగా వాయించారు. చర్చి మొత్తం ఒక్కసారిగా అందుకుంది. అంతమంది ఒకేచోట అడుగుపెట్టాలంటే ఎవరో ఒకరు అటూఇటూ పోకుండా నడవాలని నాకు ఆ రోజే తెలిసింది. మామగారు క్లారినెట్ దించి, తలూపుతూ విన్నారు. అప్పట్నుంచి ఎక్కడికి వెళ్లినా బాపట్లని తన పక్కనే నిలబెట్టుకునేవారు. తిట్టడానికి దగ్గరగా ఉండాలి కదా అనేవారు.

మామగారికి ఒక పాట ఉండేది. సినిమా పాట కాదు, మాటలు లేవు, ఎక్కడా విన్నది కాదు. ఆయనే కట్టుకున్నది. అప్పగింతలప్పుడు, పిల్ల పుట్టింటి వాళ్లని వదిలి కారెక్కేటప్పుడు వాయించేవారు. దానికోసమే మా బ్యాండు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. "మాస్టరుగారి అప్పగింతల పాట ఉంటుంది కదండి?" అని ఫోనులోనే అడిగేవాళ్లు. అది ప్రతిసారీ వేరేలా ఉండేది. పిల్ల తల్లి ఏడిస్తే ఒకలా, తండ్రి ఏడిస్తే ఒకలా, ఎవరూ ఏడవకపోతే వాళ్లకి ఏడుపొచ్చేదాకా ఇంకోలా. అది మొదలవగానే బాబాయి కార్నెట్ దించేసేవారు. ఆయన దగ్గర దానికి కాగితం లేదు.

ఆ పాట మా ఇంట్లో వాయించకూడదు. ఆడపిల్లలున్న ఇంట్లో ఊరికే అప్పగింతలు పాడితే మంచిది కాదని మా అత్తగారి నియమం. కొట్టు కూడా ఇంటి చూరు కిందే కాబట్టి కొట్లోనూ వీల్లేదు. అందుకని తెనాలి చుట్టుపక్కల పెళ్లికూతుళ్లంతా విన్న ఆ పాటని మా ఆడపడుచు సరిగ్గా విననే లేదు. "నా పెళ్లికి వింటాలే," అనేది.

పెళ్లి కుదిరేసరికి మామగారికి పళ్లు పోయాయి. షుగరు. ముందు పళ్లు కదిలి, ఒకటొకటిగా డాక్టరు తీసేశాడు. క్లారినెట్‌కి పై పళ్ల ఆసరా కావాలి. కట్టుడు పళ్లు పెట్టించుకుని ప్రయత్నించారు. తోక తొక్కిన పిల్లి అరిచినట్టు వచ్చింది. క్లారినెట్‌ని పెట్టెలో పెట్టేసి, మళ్లీ తీయలేదు. భట్టిప్రోలు నుంచి ఒక క్లారినెట్ అతను వచ్చి చేరాడు. మంచి వేగం ఉన్నవాడు, సినిమా పాటలు దంచేసేవాడు. అప్పగింతల పాట నేర్పబోతే, "ఏ పూట అడిగితే ఆ పూట మారిపోతుందండి, నా వల్ల కాదు," అని చేతులెత్తేశాడు.

ఆడపడుచుని రేపల్లెలో బట్టల వ్యాపారం చేసే ఇంటికి ఇస్తున్నాం. శుభలేఖలు వచ్చిన రోజు అది నవ్వుతూనే అంది, "నాన్నా, నీ పాట లేకుండా నేను కారెక్కను." మామగారు కూడా నవ్వారు. నోట్లో పళ్లు లేని నవ్వు. తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఊళ్లో అందరి పిల్లలకీ వాయించి, సొంత పిల్లకి వాయించలేకపోవడం ఎలా ఉంటుందో నాకు ఆ వీపు చూస్తే తెలిసింది.

బాబాయి ఒక శుభలేఖ తీసుకుని వెనక్కి తిప్పి, దువ్వెనతో అయిదు గీతలు లాగారు.

"మాస్టారూ, మీరు పాడండి. నేను రాస్తాను."

"దాన్ని రాస్తావా?" అన్నారు మామగారు. గాలిని మూట కడతావా అన్నట్టు.

"రాస్తానండి."

ఇంట్లో పాడకూడదు కదా. ఎక్కడ? బాబాయే చెప్పారు, మధ్యాహ్నం రేపల్లె ప్యాసింజర్ ఖాళీగా ఉంటుందని. అలా ఇద్దరూ తెనాల్లో రైలెక్కి, రేపల్లె దాకా వెళ్లి, అదే రైల్లో వెనక్కి రావడం మొదలైంది. షుగరు మనిషికి మాత్రలూ టిఫినూ చూడటానికి నన్ను తోడు పంపారు. ఎదురు బెంచీ మీద కూర్చుని జరీ పట్టీలు కుట్టుకుంటూ ఆ తగాదా అంతా విన్నాను.

మామగారు కిటికీలోంచి చేలకేసి చూస్తూ గొంతులో పాడేవారు. బాబాయి మోకాలి మీద అట్ట పెట్టుకుని, రైలు ఊపుకి చుక్క జారకుండా ఎడమచేత్తో అదిమిపట్టి రాసేవారు. రాసింది కార్నెట్ మీద మెల్లగా వాయించి వినిపించేవారు.

"ఇదెవరిదయ్యా?" అనేవారు మామగారు.

"మీదేనండి. వేమూరు దాటాక పాడారు."

"అది వేమూరు దాటాక. ఇప్పుడు భట్టిప్రోలు వచ్చింది."

బాబాయి ఇంకో అట్ట తీసేవారు. రేపల్లె వచ్చేసరికి ఆయన ఒళ్లో అట్టలు పేరుకునేవి, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. పల్లీలమ్మే ఆమె బుట్ట దించి కూర్చుని వినేది, లేచేటప్పుడు కళ్లొత్తుకునేది. ఆమెకి మాత్రం అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇందులో ఏది ఉంచమంటారండి?"

"అన్నీ అదే కదా."

"అన్నీ అదే ఎట్టా అవుద్దండి? ఇది ఇట్టా పైకి పోయింది. ఇది దిగింది. సరే, పొడుగన్నా చెప్పండి. ఎంతసేపు రాయను?"

"పిల్ల కారెక్కేదాకా."

"అట్టా రాయడం కుదరదండి. కొస ఉండాలి."

"ఏడుపుకి కొస ఎక్కడుంటదయ్యా? దాని చెయ్యి వాళ్లమ్మ మెడ వదిలేదాకా ఉండాలి పాట. వదిలాక ఉండకూడదు. అంతే లెక్క."

"ఆ లెక్క నాకు గీతల మీద పడదండి," అన్నారు బాబాయి. ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. "పెళ్లి దగ్గరకొచ్చేసింది. మీరు పాడేది ఆగదు. నేను రాసేది తెగదు. ఆ పిల్లకి నేనేం వాయించను?"

ఇక నా వల్ల కాలేదు. చేతిలో ఉన్న సూదీ దారం పక్కన పడేసి ఇద్దర్నీ కలిపి కేకలేశాను. "రోజూ ఈ రైల్లో కొబ్బరికాయల్లా దొర్లడం తప్ప తేలేదేమన్నా ఉందా? పాటకి వంకలు పెట్టుకోడానికొచ్చారా, పిల్లని పంపడానికొచ్చారా? ఇందాక మాత్ర వేసుకున్నాక పాడారు చూడండి మామయ్యా, చిన్నది, అది రాయండి బాబాయిగారూ. అది బాగుంది."

"దాన్లో ఏముందమ్మా? అలిసిపోయి ఊరికే తీసుకున్న ఊపిరి," అన్నారు మామగారు.

"నాకదే ఏడుపొచ్చింది," అన్నాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. మామగారు కిటికీ వైపు తిరిగి దాన్నే ఇంకోసారి పాడబోయారు. అది అప్పటికే ఇంకేదో అయిపోతోంది. "ఆపండి మాస్టారూ," అని బాబాయి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఇందాకటిది రాసేశాను. ఇంక ముట్టుకోవద్దు." ఆ అట్ట చివర రెండు నిలువు గీతలు గీశారు. అంటే పాట అయిపోయిందని.

పెళ్లి రోజు నిఖా అయింది, భోజనాలయ్యాయి. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు లోపు పిల్లని పంపించాలని పెద్దవాళ్లు తొందరపెట్టారు. కారుకి పూలు కట్టి సందు మొదట్లో పెట్టారు. మా బ్యాండువాళ్లంతా యూనిఫారాల్లో గోడవారగా నిలబడ్డారు. మామగారు మాత్రం కొత్త తెల్లబట్టల్లో, చేతిలో ఏమీ లేకుండా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడ్డారు. బాబాయి క్లిప్పుకి అట్ట పెట్టుకుని, బూట్లు రెండూ కలిపి నిటారుగా నిలబడి మొదలుపెట్టారు.

ఎలా ఉందో చెప్పమంటే చెప్పలేను. రైల్లో ఊరికే తీసుకున్న ఊపిరి అన్నది, ఇక్కడ సందంతా నిండింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆడపడుచు వాళ్లమ్మని వదిలి, మేనత్తల్ని వదిలి, నన్ను పట్టుకుని, నన్నూ వదిలి, చివరికి వాళ్ల నాన్న దగ్గరికొచ్చింది. ఆయన ఎదలో తల పెట్టుకుంది. అక్కడ ఆగిపోయింది, వదలడం లేదు.

పాట అయిపోయింది.

సందు మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పిల్ల వెక్కిళ్లు మాత్రం వినిపిస్తున్నాయి, బట్టలు లేకుండా నలుగురిలో నిలబెట్టినట్టు అనిపించింది. దానికే కదా పాట ఉండేది, ఆ ఏడుపుని కప్పడానికి. క్లారినెట్ అతను బాబాయి వంక చూశాడు. అందరూ చూశారు. బాబాయి అట్టకేసి చూశారు, రెండు నిలువు గీతలు. పిల్లకేసి చూశారు. కార్నెట్ పైకెత్తి, మళ్లీ మొదటినుంచీ అందుకున్నారు.

అదే పాట, వెంట్రుకవాసి తేడా లేకుండా అదే. అప్పుడు ఒక సంగతి జరిగింది. మామగారి పాట ఇన్నేళ్లలో ఎవరూ ఇంటికి పట్టుకెళ్లలేకపోయారు, రెండుసార్లు ఒకేలా వినపడలేదు కాబట్టి. ఇప్పుడు రెండోసారి అదే వచ్చేసరికి జనానికి దారి తెలిసింది. మా పక్కింటావిడ గొంతులో సన్నగా అందుకుంది. వంటవాళ్లు అందుకున్నారు. నేనూ అందుకున్నాను, నాకు తెలీకుండానే.

పిల్ల ఇంకా వదల్లేదు. బాబాయి మూడోసారి మొదలుపెట్టారు. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది, మెడ నరాలు తేలాయి.

మూడోసారి మామగారు పాడారు. పెదాలు కదపకుండా, గొంతులో. బాబాయి వాయిస్తున్నది కాదు. దాని మీంచి, దాని చుట్టూ తిరుగుతూ, ఎక్కడికో వెళ్లి మళ్లీ దాని దగ్గరికే వచ్చేది ఇంకేదో. కింద తిన్నగా నడిచేవాడు ఒకడు దొరికాడు కాబట్టి పైన ఆయన ఎంత దూరమైనా పోగలిగారు. నేను ఎన్నో అప్పగింతలు విన్నాను, అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదు, వాయించలేదు కూడా. చెవి ఆయన ఎదకి ఆనించుకుని ఉంది కాబట్టి మా ఆడపడుచుకి అది లోపలినుంచి వినపడిందట. తర్వాత ఎప్పుడో చెప్పింది. ఆయన చొక్కా పట్టుకున్న దాని వేళ్లు ఒకటొకటిగా వదిలాయి. తలెత్తి, వాళ్ల నాన్న మొహం చూసి, వెళ్లి కారెక్కింది.

కారు సందు మలుపు తిరిగాక బాబాయి గోడకి చేరబడి కూర్చున్నారు. పెదాలు వాచిపోయాయి. మంచినీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. తాగి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, నావైపు వంగి ఫిర్యాదులా చెప్పారు:

"మూడోసారి మాస్టారు కాయితం తప్పారమ్మాయ్."

"విన్నాను బాబాయిగారూ. అది రాసుకోవాల్సింది మీరు."

ఆయన కార్నెట్ ఒళ్లో పెట్టుకుని, సందు మొదట్లో ఇంకా చేతులు వేలాడేసుకుని నిలబడ్డ మామగారినే చూస్తున్నారు.

"నేను ఆపితే ఆయన ఆపేసేవారమ్మా," అన్నారు.